‘వందనాలు సిస్టర్’ అన్న గొంతు

వేటపాలెం,
12 నవంబరు 2006.

నజ్మీనూ,

సెల్‌ఫోనుండగా దీనికి ఉత్తరాల పిచ్చేమిటి అనుకుంటున్నావు కదూ? చెప్తా ఆగు. ఫోను ఎప్పుడూ ఖాళీగా ఉంచమన్నారు. నేను నీతో మాట్లాడుతున్నప్పుడే వాళ్ళు చేస్తే? అందుకని ఎవరికీ చెయ్యడం లేదు, ఎవరు చేసినా ఎత్తడం లేదు. స్నానానికి వెళ్తూ కూడా ఫోను అమ్మ చేతిలో పెట్టి వెళ్తున్నాను. అమ్మ దాన్ని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు పట్టుకుని కూర్చుంటోంది.

నాకు ఉద్యోగం వచ్చేలా ఉందే!

మొన్న అమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్ళాక అన్నం వారుస్తున్నాను. తెలియని నంబరు. ఎత్తగానే మొదటి మాటే, “వందనాలు సిస్టర్, మహిమ గారేనా?” అన్నారు. గంజి చేతిమీద పడినా చూసుకోలేదు. ఆయన పేరు ఇమ్మానియేలు గారట. పెద్ద కంపెనీ, తాడేపల్లిలో కొత్త ఆఫీసు పెడుతున్నారట. కంప్యూటర్ ముందు కూర్చునే పని. కిటికీలోంచి కృష్ణా బ్యారేజీ కనబడుతుందట. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్ నుంచి నా పేరు తీసుకున్నామన్నారు. అసలు వింత విను. నేను నోరు తెరవకుండానే నాన్న లేడని, అమ్మ జీడిపిక్కలు కొట్టి నన్ను చదివించిందని, బీఈడీ చేసి ఇంట్లో ఉన్నానని అన్నీ చెప్పారు! ఒళ్ళు ఝల్లుమంది.

డీఎస్సీ రాశాను, నిజమే. ఆ లిస్టు ఎప్పుడొస్తుందో, టీచరు పోస్టు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. అంతదాకా ఏం చెయ్యను? కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడుస్తున్నాను. అమ్మ వేళ్ళు చూశావుగా, జీడి రసానికి నల్లబడి చర్మం లేచిపోయింది. ఆ చేతులతో అన్నం పెడుతుంటే తలెత్తి తినలేను.

నా ఫోను ఎప్పుడైనా పాడైతే నువ్వు ఆఫీసువాళ్ళని అడగడానికి వాళ్ళ నంబరు కింద రాస్తున్నాను. నువ్వు మాత్రం ఊరికే చెయ్యకు. మీ ఆయన మాలిక్ అన్నయ్యని అడిగానని చెప్పు.

మహిమ

*

గుంటూరు,
20 నవంబరు 2006.

ఒసేయ్ మహిమా,

నీ ఉత్తరం చూడగానే పెళ్ళి కుదిరిందేమో అనుకుని కవరు పరపరా చించాను. తీరా చూస్తే కిటికీలోంచి బ్యారేజీ! ఉద్యోగం ఇచ్చేవాడు పని సంగతి చెప్తాడు గానీ కిటికీ సంగతి చెప్తాడటే?

కోప్పడకు. మిర్చి యార్డు పక్కన కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో రోజంతా ఫోను చెవికి తగిలించుకుని కూర్చునేదాన్ని నేను. “మీ మిరపకాయలు భద్రంగా ఉన్నాయండీ” అని మేం రైతుకి చెప్పే అబద్ధాలు, “లారీ బయల్దేరిందండీ” అని వ్యాపారి మాకు చెప్పే అబద్ధాలు, అన్నీ ఈ చెవిలోంచే పోతాయి. మరీ తియ్యగా మాట్లాడేవాడి లారీ ఇంకా షెడ్డులోనే ఉంటుంది.

ఒక్క సంగతికి జవాబు చెప్పు. ఎక్స్ఛేంజ్‌లో నీ పేరు దొరికిందన్నాడు కదా, అక్కడ మహిమ ఎవరే? నీ సర్టిఫికెట్లన్నిటిలో కోటేశ్వరివి. బళ్ళో వేసేటప్పుడు మీ నాన్న రాయించిన పేరు, రికార్డుల్లో హిందూ ఎస్సీ. మహిమ అన్నది మీ చర్చిలో పెట్టిన పేరు, మేం పిలిచే పేరు. మీ పేటలో సగంమందికి ఇలాగే రెండు పేర్లు. చర్చి పేరు కాగితం మీదికెక్కితే ఎస్సీ సర్టిఫికెట్ పోతుందని, దాంతోపాటు వచ్చే ఉద్యోగమూ పోతుందని చిన్నప్పుడు నువ్వే నాకు చెవిలో చెప్పావు. మరి వాడికి మహిమ అన్న పేరు ఏ ఆఫీసులో దొరికింది?

ఇది తేలేదాకా వాడికేమీ చెప్పకు. మా అత్త మౌలాబీ నీ ఉత్తరం చదివించుకుని, “ఆ పిల్లకి దిష్టి తియ్యమని రాయి” అంది. తీయించుకో, నష్టమేముంది.

నజ్మీన్

*

వేటపాలెం,
2 డిసెంబరు 2006.

నజ్మీన్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ బాధే కలిగింది.

వాడు, వాడు అని రాయకు. ఆయన పెద్దమనిషి. ఫోను పెట్టేముందు నాకోసం, అమ్మకోసం ప్రార్థన చేస్తారు. అమ్మ మోకాళ్ళు నొప్పులని తెలిసి ప్రత్యేకంగా ప్రార్థించారు. అమ్మ ఫోను ముందు కళ్ళు మూసుకుని నిలబడి “ఆమేన్” అంది. మా ఇద్దరికోసం ఇంత చేసిన ఆఫీసరుని నువ్వు చూశావా?

పేరు సంగతి ఆయన్నే అడిగాను. నవ్వి, “దేవుడు పిలిచే పేరు మాకు తెలియదా తల్లీ” అన్నారు. అంతే. నీకది నవ్వులాటగా ఉండొచ్చు. వాడరేవు ప్రార్థన సభల్లో నేను కన్నీళ్ళతో అడుక్కున్నాను, రెండు నెలలు తిరక్కుండా ఫోను వచ్చింది. ఇది ఎవరు చేసిన పనో నాకు తెలుసు. నీకు అర్థం కాదులే.

పుట్టిన తేదీ, బ్యాంకు ఖాతా నంబరు, అమ్మ పుట్టింటివాళ్ళ ఇంటిపేరు అడిగారు. జీతం వెయ్యాలంటే అవన్నీ కావాలి కదా! ఇప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు కొరియర్‌లో పంపమంటున్నారు, చూసుకుని ఆర్డరుతో కలిపి తిరిగి ఇస్తారట. క్రిస్మస్ లోపలే చేరాలట. రోజుకు రెండుసార్లు చేస్తున్నారు. “ఇంకా పంపలేదా సిస్టర్, మీ సీటు ఎంతకాలం ఆపను” అంటున్నారు. ఫోను మోగకపోయినా మోగినట్టు వినబడుతోంది. నిన్న చీరాలలో కొరియర్ ఆఫీసుదాకా వెళ్ళి, కవరు మీద సగం అడ్రసు రాసి తిరిగొచ్చేశాను. ఇది నీ మాటల వల్లే.

ఒక మాట కూడా అన్నారు. ఆశీర్వాదం దగ్గరకొచ్చినప్పుడు మన అనుకున్నవాళ్ళే అడ్డుపడతారట. అందుకే ఎవరికీ చెప్పొద్దన్నారు. నీకు చెప్పినందుకు ఇప్పుడు చింతిస్తున్నాను.

మహిమ

*

గుంటూరు,
9 డిసెంబరు 2006.

మహిమా,

నాలుగుసార్లు ఫోను చేశాను. నా నంబరు చూసి కట్ చేశావు. సరే, తిట్టుకో. ఈ ఉత్తరం మాత్రం చించకుండా చివరిదాకా చదువు. చదివాక నాతో జన్మలో మాట్లాడకపోయినా పర్లేదు.

నువ్వు రాసిన ఆ నంబరుకి మా ఆఫీసు ఫోనులోంచి నిన్న నేనే చేశాను. పక్కన మాలిక్‌ని కూర్చోబెట్టుకున్నాను. ఎత్తగానే “అస్సలామలేకుం భాయ్” అన్నాను.

“వాలేకుమస్సలాం చెల్లెమ్మా” అన్నాడు మహిమా. గుక్క తిప్పుకోకుండా అన్నాడు.

“మీ పేరేంటన్నా?” అన్నాను.

“ఇంతియాజ్.”

ఉద్యోగాలున్నాయని ఎవరో చెప్పారు, నా పేరు మౌలాబీ, డిగ్రీ చదివాను అన్నాను. “అల్లా మీ దువా విన్నాడమ్మా” అన్నాడు. మన ముస్లిం ఆడపిల్లల కోసమే ప్రత్యేకంగా ఆఫీసు పెడుతున్నారట. ఎక్కడన్నా అంటే తాడేపల్లిలో అట. నేను ఉండబట్టలేక, “కిటికీలోంచి ఏమైనా కనబడుతుందా అన్నా?” అని అడిగాను. “బ్యారేజీ కనబడుతుందమ్మా, గాలి బాగా వస్తుంది” అన్నాడు! మాలిక్ నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నువ్వు గుర్తొచ్చావు. ఆ తర్వాత వరసగా అవే అడిగాడు. పుట్టిన తేదీ, బ్యాంకు నంబరు, అమ్మ పుట్టింటి ఇంటిపేరు, ఒరిజినల్స్. ఎవరికీ చెప్పొద్దు, దిష్టి తగులుతుంది అన్నాడు. నీకు ఆశీర్వాదం పేరు, నాకు దిష్టి పేరు. ఎవరి గుమ్మానికి ఏ తోరణం కట్టాలో వాడికి తెలుసు.

మొహం చూడకుండా, ఒక్క ప్రశ్న అడక్కుండా ఎవడిస్తాడే ఉద్యోగం? వాడికి నీ పని అక్కర్లేదు. నీ కాగితాలు కావాలి. నీ పేరు మీద ఖాతా తెరిచినా, సిమ్ములు కొన్నా, ఎవరికో టోపీ పెట్టినా పోలీసులు వచ్చేది మీ గుమ్మంలోకే.

ఇక అన్నీ వాడికెలా తెలుసంటావా? నువ్వే చెప్పావు. దసరా సెలవుల్లో నేను చీరాల వస్తే సభలకి నన్నూ లాక్కెళ్ళావు. ప్రార్థన అవసరాలు ఉన్నవాళ్ళు ముందుకు రండి అని సంజీవరావు పాస్టరుగారు పిలిస్తే వెళ్ళి మైకు పట్టుకున్నావు. నా పేరు మహిమ, మాది వేటపాలెం, నాన్న లేడు, అమ్మ ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది, మోకాళ్ళ నొప్పులు, బీఈడీ చేశాను, ఉద్యోగం కోసం ప్రార్థించండి అన్నావు. ఇళ్ళ దగ్గర ప్రార్థన చేసేవాళ్ళ కోసం సెల్ నంబరు కూడా చెప్పావు. మీలో అందరూ అలా చెప్పుకుంటారు, నాకు తెలుసు. నేను ఇసకలో కూర్చుని విని ఏడ్చాను కూడా. సముద్రం దాకా మైకులు కట్టారు. ఆ గుంపులో ఎవడు ఎందుకు కూర్చున్నాడో ఎవరు చూడొచ్చారు?

నీ దేవుణ్ణి నేను తక్కువ చెయ్యను. ఆయన వినడానికి ముందు వీడు విన్నాడు, అంతే.

పంపకు. నీ కాళ్ళు పట్టుకుంటాను, పంపకు.

నజ్మీన్

*

వేటపాలెం,
18 డిసెంబరు 2006.

నజ్జూ,

ఒరిజినల్స్ పంపలేదు.

నీ ఉత్తరం చదివిన రోజునే వాడు చేశాడు. వందనాలు సిస్టర్ అన్నాడు. నేను “వాలేకుమస్సలాం ఇంతియాజ్ గారూ” అన్నాను. ఎక్కడినుంచి వచ్చిందో ఆ ధైర్యం. వాడు నవ్వాడు. ఆ నవ్వు నువ్వు వినలేదు కాబట్టి సరిపోయింది.

నీకు కొన్ని చెప్పలేదు. నీ మొదటి జవాబు అందేటప్పటికే డిగ్రీ, బీఈడీ, రేషను కార్డు జిరాక్సులు పంపేశాను. ఫోటోలు పంపాను. తెల్లకాగితాల మీద సంతకాలు పెట్టి పంపమంటే పెట్టి పంపాను. ఫారాలు వాళ్ళే నింపుకుంటారన్నాడు. అన్నిటికంటే పెద్ద తప్పు ఇంకొకటి. సర్టిఫికెట్‌లో పేరు వేరేగా ఉంది సార్ అంటే, “మనవాళ్ళందరి కష్టం అదేగా తల్లీ, నా కడుపులో పెట్టుకుంటాను, చెప్పు” అన్నాడు. చెప్పాను. బాప్తిస్మం ఎక్కడ తీసుకున్నానో, ఏ పాస్టరుగారిచ్చారో, అన్నీ చెప్పాను. నీకు చెవిలో చెప్పినదాన్ని వాడికి ఫోన్లో చెప్పాను.

ఇప్పుడు దాన్నే నా మెడకి తగిలించాడు. “పోలీసుల దగ్గరికి వెళ్ళావంటే కోటేశ్వరి అనే ఎస్సీ క్యాండిడేటు చర్చిలో మహిమ అని కలెక్టరుగారికి అర్జీ పెడతాను. నీ సంతకంతోనే పెడతాను” అన్నాడు.

నిన్న డీఎస్సీ లిస్టు వచ్చింది. అందులో నా పేరుంది నజ్జూ. కోటేశ్వరి. సోషల్ టీచరు. జనవరిలో ఒంగోలులో సర్టిఫికెట్ల పరిశీలన. పేటలో అందరూ వచ్చి అమ్మని కావిలించుకుంటున్నారు, చక్కెర నోట్లో పోస్తున్నారు. నేను నవ్వుతున్నాను. గేటు చప్పుడైతే పోస్టుమానా, పోలీసా అని లేచి నిలబడుతున్నాను.

సిమ్ తీసి పొయ్యిలో పడేశాను. ఏం చెయ్యనో చెప్పు.

మహిమ

*

గుంటూరు,
27 డిసెంబరు 2006.

మహిమా, నా తల్లీ,

నిన్ను తిట్టడానికి కూడా మనసు రావడం లేదు. లిస్టులో పేరు వచ్చిందని చదివి ఇక్కడ నేను ఎగిరి గంతేశాను, తర్వాతి వాక్యం చదివి కూలబడ్డాను. వాడి చేతులు విరగ! వాడి నోట్లో మన్నుపడ!

ముందు బ్యాంకుకి వెళ్ళి ఆ ఖాతా మూయించు. రేపే వెళ్ళు. సంతకం మార్చుకో. మేనేజరు అడిగితే పాసుపుస్తకం పోయిందని చెప్పు.

పోలీసుల సంగతి మాలిక్ పెదనాన్న అలీ సాహెబ్‌ని అడిగాను. నీ పేరు చెప్పలేదులే. యార్డులో సగం తగువులు ఆయనే తీరుస్తాడు. గడ్డం నిమురుకుని, “ఆ పిల్లని మెదలకుండా ఉండమను. ఉద్యోగం చేతికి రానీ. ఆ దొంగ మొరిగే కుక్క, పరిశీలన అయ్యేదాకా రాయి వెయ్యొద్దు” అన్నాడు. నాకూ అదే మంచిదనిపిస్తోంది.

ఏమిటే ఇలా రాస్తోంది, పళ్ళు పటపట కొరికే నజ్మీనేనా ఇది అనుకుంటావు. అవును, నేనే. నువ్వు ఏళ్ళ తరబడి దీపం కింద చదివింది నేను చూశాను. మీ అమ్మ చేతులు చూశాను. దానిమీద ఒక వెధవ చేత మట్టి పోయించుకోవడం నాకు ఇష్టం లేదు. ఇన్ని వేలమందికి ఉన్న రెండు పేర్లు నీ ఒక్కదానికే నేరమవుతాయి, ఎందుకంటే నువ్వు నోరు తెరిచి స్టేషన్‌లో చెప్తావు కాబట్టి. నోరు మూసుకో. జనవరి దాటనీ. ఆ తర్వాత నేనే నీతో వస్తాను, వాణ్ణి బ్యారేజీ కిటికీలోంచి తోసేద్దాం.

బక్రీదు అయిదు రోజుల్లో ఉంది. ఇంట్లో ఒకటే పని. ఒక్క పనిమీదా మనసు నిలవడం లేదు. వెంటనే జవాబు రాయి.

నజ్మీన్

*

వేటపాలెం,
18 జనవరి 2007.

నజ్జూ,

నీ మాట విందామనే అనుకున్నాను. ఖాతా మూయించాను. నోరు కూడా మూసుకున్నాను. క్రిస్మస్‌కి చర్చిలో పాటలు పాడాను, పదిమందికి కేకు పంచాను. పరిశీలన వచ్చే సోమవారం. అంతవరకూ ఊపిరి బిగబట్టి ఉంటే చాలనుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నం గేటు దగ్గర ఒక తల్లీకూతుళ్ళు నిలబడ్డారు. పర్చూరు దగ్గర పల్లెటూరట, పత్తి కూలికి వెళ్ళి బతుకుతారు. అమ్మాయి పేరు షమా. డిగ్రీ అయిందట. చేతిలో కాగితాలు పట్టుకుని, “మహిమక్క ఇల్లు ఇదేనా అండీ?” అని నన్నే అడిగింది. నేనే అన్నాను.

ఆ పిల్ల మొహం వెలిగిపోయింది నజ్జూ. “అక్కా, మీకు తాడేపల్లిలో ఉద్యోగం ఇచ్చారంట కదా! ఆఫీసు ఎక్కడుందక్కా? నేనూ ఒరిజినల్స్ పంపించి నెలయింది, ఫోను ఎత్తడం లేదు” అంది. చేతిలోవి నా డిగ్రీ, రేషను కార్డు జిరాక్సులు, ఇంకో తెల్లకాగితం. ఆ తెల్లకాగితం పైన నా ఫోటో అంటించి ఉంది. వేటపాలెం మహిమ అనే అమ్మాయి మా దగ్గర చేరింది, ఎంతో సంతోషంగా ఉంది అని తెలుగులో టైపు చేసి, కింద నా సంతకం. నా సంతకమే. తెల్లకాగితం మీద నేను పెట్టిందే. దాన్ని చూసి నమ్మి ఆ పిల్ల పదో తరగతి నుంచి ఉన్నవన్నీ కట్టకట్టి పంపింది. రేషను కార్డులో నా అడ్రసు దొరికితే బస్సెక్కి వచ్చింది.

నాకు తెలియదు, నేనెవరో మీరెవరో అని ఒక్క మాట అంటే వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. నువ్వు, అలీ సాహెబ్ గారు, ఒంగోలు, సోమవారం, అన్నీ కళ్ళముందు తిరిగాయి. వాళ్ళమ్మ చెప్పులు విడిచి మా అరుగు మీద కూర్చుని, “మా పిల్లకి కూడా నీలాగా చెయ్యమని చెప్పమ్మా” అంది.

నేను ఏడ్చేశాను. జరిగిందంతా చెప్పాను. ఆ పిల్ల ఏడవలేదు, గోడకేసి చూస్తూ ఉండిపోయింది. వాళ్ళమ్మే, “నీ పేరు చూసి పంపాం కదమ్మా” అంది. తిట్టినా బాగుండేది. సంక్రాంతి సెలవని ఇంట్లో ఉన్న మా అమ్మ లోపల్నుంచి వచ్చి వాళ్ళకి అన్నాలు పెట్టింది. తిన్నాక నావైపు చూసి, “ఏం కూర్చున్నావు? చెప్పులేసుకో, పద” అంది. “అమ్మా, ఉద్యోగం” అన్నాను. “నేను ఇంకా పిక్కలు కొట్టగలను. ఈ పిల్లకి ఏం చెప్తావు?” అంది. పెద్దగానే అంది, పక్కింటికి వినబడేలాగ.

నలుగురం స్టేషన్‌కి వెళ్ళాం. రైటరు కాగితం తీసి “పేరు” అన్నాడు. మహిమ అన్నాను. జిరాక్సు చూసి, “ఇందులో కోటేశ్వరి అని ఉందేంటమ్మా? ఏది రాయమంటావు?” అన్నాడు.

“రెండూ రాయండి. వాడు ఎత్తుకుపోయింది రెండు పేర్లూను” అన్నాను.

ఆయన తలెత్తి నన్ను, మా అమ్మని చూశాడు. “డీఎస్సీ లిస్టులో ఉన్నానన్నావు. రాస్తే రికార్డవుతుందమ్మా, ఆలోచించుకో” అన్నాడు. మంచిగానే అన్నాడు. షమా నా పక్కనే నిలబడి ఉంది. రాయండి అన్నాను. రాశాడు. ఇంతియాజ్ పేరు, ఇమ్మానియేలు పేరు, ఆ నంబరు కూడా రాశాడు. నువ్వు వాడితో మాట్లాడినట్టు చెప్పాను. నీకూ మాలిక్ అన్నయ్యకీ కబురొస్తుంది, వచ్చి సాక్ష్యం చెప్పాలి. నిన్ను అడక్కుండా చెప్పాను, తిట్టుకోకు.

సోమవారం ఒంగోలు వెళ్తున్నాను. అడిగితే ఇదే చెప్తాను. ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియదు. భయంగా ఉంది నజ్జూ, అబద్ధమెందుకు. కానీ గేటు చప్పుడైతే లేచి నిలబడటం మానేశాను. షమా ఇక్కడే ఉంది. రేపు స్టేషన్‌కి మళ్ళీ రమ్మన్నారు. ఆ పిల్ల మా అమ్మ పక్కన కూర్చుని జీడిపప్పు పొట్టు తీస్తూ, నిమిషానికోసారి “అక్కా, నావి దొరుకుతాయా?” అని అడుగుతోంది.



మహిమ